వేషము మీది మమకారము

సింహాచలము కొండ దిగువన మా యింట మొన్న ఒక సాయంకాలము చిన్న వివాదము చెలరేగినది. మా మనుమడు సెల్‌ఫోనులో ‘గూఢచారి 116’ చూచుచు పకపక నవ్వి, “తాతా, ఇదేనా మీరంతా ఎగబడి చూసిన సినిమా?” అన్నాడు. నాకు చురుక్కుమన్నది.

వాని నవ్వులో అన్యాయమేమియు లేదు. డూండీ నిర్మించగా మల్లికార్జునరావు దర్శకత్వము వహించిన ఆ చిత్రము 1966లో వచ్చినది. జేమ్స్‌బాండు చిత్రములకున్న ధనబలము దానికెక్కడిది? ‘తేనె మనసులు’తో అంతకు ముందటి ఏడే నాయకుడైన కృష్ణ ఇందు 116, జయలలిత నాయిక. 303గా శోభన్‌బాబు కనబడిన కొలది సేపటికే హతుడగును. తర్కముతో చూచిన, కథ నిండ చిల్లులే.

అయితే పన్నెండేళ్ళ నేను తర్కము కొరకు టిక్కెట్టు కొనలేదు. పగటివేషగాడు వాకిట నిలిచినపుడు, లోపలి మనిషి ఎవరో ఎరిగియే చేటలో బియ్యము తెచ్చి పోసిన జాతి మనది. ఏడాది పొడవునా చందనము చాటున నున్న అప్పన్నను సేవించి, అక్షయతృతీయ నాడు మాత్రమే నిజరూపము చూచు మా ఊరివారికి మరుగులోని మాధుర్యము ఒకరు నేర్పవలెనా? (సినిమా ప్రసంగములో స్వామిని తలచుట అపచారమైన, పాఠకులు మన్నింతురు గాక.)

ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. ‘సీతారామ కల్యాణం’ (1961)లో రావణుని పది తలలను తెరపై నిలిపిన మాయలమారి ఆయనే. గుహద్వారము మంత్రముతో తెరచుకొన్ననేమి, మీటతో తెరచుకొన్ననేమి? మన జానపదమే సూటు తొడిగి పిస్తోలు పట్టినది. 1967లో ఈ కథనే నగాయిచ్ స్వీయ దర్శకత్వమున, జితేంద్ర నాయకుడుగా, ‘ఫర్జ్’ అను పేర హిందీలో తీసినారు.

కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అన్న బిరుదు స్థిరపడినది. 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’ వచ్చినది. అది నాకంతగా రుచించలేదు. ఆ మాట వేరు.

ఆ యేడు డిసెంబరులోనే మన విశాఖ తీరమున పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగినది. విమానవాహక నౌక ‘విక్రాంత్’ ఇక్కడనే యున్నదని శత్రువు భ్రమపడునట్లు తప్పుడు సంకేతములు పంపితిమని నౌకాదళము వారి కథనము. ‘విక్రాంత్’ వేషము కట్టినది ‘రాజ్‌పుత్’ అను చిన్న నౌక!

ఈ సంగతి చెప్పగా మనుమడు నవ్వు మానినాడు. ఫోను మరల చేత బుచ్చుకొని, “అయితే 303ని చంపిందెవరు తాతా?” అని అడిగినాడు.

నేను చెప్పలేదు.