ఇంటి వద్ద విద్యుత్ వాహన చార్జరు: లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌తో అమరికే శ్రేయస్కరం

విద్యుత్ కారు కొనుగోలు చేసిన కుటుంబానికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న దానిని ఇంటి వద్ద ఎలా చార్జి చేసుకోవాలన్నదే. ఇంటికి ఉన్న విద్యుత్ కనెక్షన్ ద్వారానే వాహనాన్ని చార్జి చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో జారీ చేసిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అయితే అనుమతి సులభమైనంత మాత్రాన అమరిక కూడా సులభమని భావించరాదు. పంకా బిగించినంత తేలికగా ఈ పనిని ముగించాలనుకుంటే అది కుటుంబ సభ్యుల ప్రాణాలకే ముప్పు కాగలదు.

గీజరుకు, చార్జరుకు గల తేడా

గీజరు పావుగంటో, అరగంటో పనిచేసి ఆగిపోతుంది. చార్జరు రాత్రంతా పూర్తి లోడుతో పనిచేస్తూనే ఉంటుంది. 15 ఆంపియర్ల సాకెట్టు ద్వారా సుమారు 3.3 కిలోవాట్ల చొప్పున చార్జి చేసినపుడు 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 9 గంటలకు పైగా పడుతుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జరు నాలుగు గంటలకు పైగా 31 ఆంపియర్ల విద్యుత్తును ఏకధాటిగా తీసుకుంటుంది. ఇంతసేపు ఇంత విద్యుత్తు ప్రవహించినపుడు సన్నని తీగ గాని, వదులుగా బిగించిన ఒక్క మర గాని వేడెక్కి, ప్లగ్గు నల్లబడి, చివరకు నిప్పు రాజుకునే ప్రమాదం ఉంది.

ఈ కారణంగా చార్జరుకు మెయిన్ బోర్డు నుండి ప్రత్యేకంగా ఒక లైను వేయించుకోవాలి. 32 ఆంపియర్ల చార్జరుకు సాధారణంగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వాడతారు. మీటరుకు, వాహనం నిలిపే చోటుకు దూరం ఎక్కువైతే ఇంకా లావు తీగ అవసరమవుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుల ద్వారా చార్జి చేయడాన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు నిషేధించాయి.

ఎర్త్ విషయంలో రాజీ వద్దు

చాలా పాత ఇళ్లలో ఎర్త్ పేరుకు మాత్రమే ఉంటుంది. ఎర్త్ సరిగా లేనప్పుడు చార్జరు ఎర్ర దీపం చూపి పనిచేయడానికి నిరాకరిస్తుంది. అటువంటి సందర్భంలో కొందరు పనివారు సాకెట్టులోని ఎర్త్ పిన్నును న్యూట్రల్ తీగకు కలిపివేస్తారు. వెంటనే ఎర్ర దీపం ఆరిపోయి చార్జింగు మొదలవుతుంది. ఇంటివారు పని చక్కబడిందని సంతోషిస్తారు. వాస్తవానికి ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఏనాడైనా న్యూట్రల్ తీగ తెగినా, ఫేజు, న్యూట్రల్ తారుమారైనా కారు లోహపు శరీరం మొత్తానికి విద్యుత్తు ప్రవహిస్తుంది. తడి నేలపై నిలబడి తలుపు తాకిన వ్యక్తి ప్రాణానికి రక్షణ ఉండదు.

కాబట్టి చార్జరు ఎర్త్ లోపాన్ని చూపినపుడు చేయవలసింది కొత్త ఎర్త్ పిట్ తవ్వించడమే. గృహావసరాలకు ఎర్త్ నిరోధం 5 ఓములకు మించకుండా చూడటం ఆనవాయితీ. దీనిని పరికరంతో కొలిపించుకోవాలి. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాలలో వేసవిలో నేల ఎండిపోయి నిరోధం పెరుగుతుంది గనుక పిట్‌లో తరచు నీరు పోస్తుండాలి.

ఎం.సి.బి. ఉన్నది కదా, ఇక భయమెందుకన్న అభిప్రాయమూ సరి కాదు. ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. వాహన చార్జింగుకు 30 మిల్లీఆంపియర్లకు మించని లీకేజీకే విద్యుత్తును నిలిపివేసే 'ఎ' తరగతి లేదా అంతకన్నా మెరుగైన పరికరం ఉండాలని నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. చార్జింగు సాకెట్టు నేల నుండి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సెల్లార్లను ముంచెత్తిన అనుభవం దృష్ట్యా పల్లపు ప్రాంతాలవారు ఇంకా ఎత్తున బిగించుకోవడం మంచిది.

ఎవరికి అప్పగించాలి

విద్యుత్ అమరిక పనులను రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారా, అర్హతా పత్రం గల సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిటు గల వైర్‌మన్ చేతనే చేయించాలి. పని అప్పగించేముందు ఆ పత్రాలను, వాటి గడువు తేదీలను చూపమని అడగడం వినియోగదారుని హక్కు. అందుకు మొహమాటపడనవసరం లేదు. కాంట్రాక్టరు ఇంటికి వచ్చి మీటరు, మెయిన్ బోర్డు, ఎర్త్ పరిశీలించిన తరువాతనే అంచనా ఇవ్వాలి. తీగ మందం, పొడవు, ఆర్.సి.సి.బి. తరగతి, ఎర్త్ పిట్ ఖర్చు అందులో విడివిడిగా ఉండాలి. ఫోనులోనే ధర చెప్పేవారిని, ఎర్త్ ప్రస్తావన లేకుండా తక్కువకు ఒప్పుకునేవారిని నమ్మరాదు. కారు కంపెనీ చార్జరును ఉచితంగా బిగించినా ఈ ప్రశ్నలన్నీ అడగవలసిందే.

లోడు పెంపు, ప్రత్యేక కనెక్షను

ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే ముందుగానే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుములు చెల్లించి లోడు పెంచుకోవాలి. చార్జింగు కోసం వేరే కనెక్షను కోరే హక్కును 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు కల్పించాయి. యూనిట్లు పెరిగేకొద్దీ ఇంటి బిల్లు పై శ్లాబులోకి వెళుతుంది గనుక ఏది లాభదాయకమో లెక్క చూసుకోవాలి. ఇదే నియమాల ప్రకారం, కొత్త లైన్లు, ఉపకేంద్రాలు అవసరం లేని సందర్భాలలో, పూర్తి దరఖాస్తు అందిన తరువాత మెట్రోపాలిటన్ ప్రాంతాలలో 3 రోజులలో, ఇతర పురపాలక ప్రాంతాలలో 7 రోజులలో, గ్రామాలలో 15 రోజులలో కనెక్షను ఇవ్వాలి. అపార్టుమెంట్లలో నివసించేవారు తమ సొంత మీటరు నుండే లైను తెచ్చుకోవాలి. ఉమ్మడి మీటరుకు కలపరాదు. సంక్షేమ సంఘానికి ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేస్తే వివాదాలకు తావుండదు.

పని పూర్తయిన పిమ్మట

ఆర్.సి.సి.బి. టెస్టు మీటను నొక్కించి చూడాలి. ఎర్త్ నిరోధం, ఇన్సులేషన్ కొలతలతో కూడిన పరీక్షా నివేదికను కాంట్రాక్టరు సంతకంతో తీసుకుని బిల్లుతో పాటు భద్రపరచాలి. మొదటి రాత్రి గంటసేపు చార్జి చేశాక స్విచ్చి ఆపి ప్లగ్గును తాకి చూడాలి. చేయి ఓర్వలేనంత వేడి ఉన్నా, కాలిన వాసన వచ్చినా మళ్లీ వాడక, వెంటనే కాంట్రాక్టరును పిలవాలి. సరఫరా, లోడు, మీటరు సంబంధిత సమస్యలకు విద్యుత్ పంపిణీ సంస్థల టోల్ ఫ్రీ నంబరు 1912ను సంప్రదించవచ్చు.

లక్షల రూపాయలు వెచ్చించి వాహనం కొన్నవారు మంచి ఎర్త్ పిట్, సరైన తీగ కోసం మరికొన్ని వేలు ఖర్చు చేయడానికి వెనుకాడరాదు. ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రించే వేళ పనిచేసే పరికరమిది. దానిని అమర్చే వ్యక్తి ఎంపికలో చూపే శ్రద్ధే కుటుంబానికి రక్షణ.