అతిశయోక్తి

ఆలంకారికులు అతిశయోక్తిని కావ్యమునకు భూషణమనిరి. వార్తకు భూషణమని ఎన్నడును చెప్పలేదు. ఈ భేదమును మనవారు మరచుచున్నట్లు కనబడుచున్నది.

తల్లి బిడ్డతో "వేయిసార్లు చెప్పితిని" అన్నచో ఎవరును లెక్కింపబోరు. "ఆకలితో ప్రాణము పోవుచున్నది" అన్న బాలునకు అన్నము పెట్టుదురే గాని వైద్యుని పిలువరు. పట్టణమందలి మేడలు చంద్రుని తాకుచున్నవని కవి వర్ణించినను మోసపోవువాడు లేడు. చెప్పువాడును వినువాడును ఎఱిగియే అనుభవించు వినోదమది. అది లేనిచో భాష చప్పబడును.

ఆ వాడుకయే పత్రికలోనికి వచ్చినప్పుడు స్థితి మారును. మూడువందలమంది కూడిన సభను "ఇసుక వేసిన రాలనంత జనము" అని వ్రాయుదురు. ప్రతి ఉపన్యాసమును "నభూతో నభవిష్యతి". ప్రతి మరణమును "తీరని లోటు". వారమునకు నాలుగేసి తీరని లోటులు కలుగుచుండగా, నిజముగా తీరని లోటు కలిగిన దినమున చెప్పుటకు ఏ మాట మిగులును?

ఈ విషయమున పంజాబు చరిత్ర మనకు పాఠము. 1919 ఏప్రిల్ 13వ తేదీన అమృతసరములోని జలియన్‌వాలాబాగున నిరాయుధులైన ప్రజలపై జనరల్ డయ్యరు కాల్పులు జరిపించెను. దేశమంతయు ఉడికిపోయెను. ఎంతటి తీవ్రవాక్యమైనను అప్పుడు చెల్లియుండెడిది. అట్టి సమయమున కాంగ్రెసు విచారణసంఘపు నివేదికను వ్రాయు భారము గాంధీమహాత్మునిపై పడెను. 1,700కు మించిన సాక్షుల వాఙ్మూలములను పరిశీలించి 1920లో వెలువరించిన ఆ నివేదికలో, తెలిసి చేసిన అతిశయోక్తి ఒక్కటియు లేదని మహాత్ముడు ఆత్మకథలో వ్రాసెను.

కాల్పులు సాగినది సుమారు పది నిమిషములు. ప్రేల్చిన తూటాలు 1,650. ప్రభుత్వము నియమించిన హంటరు సంఘము లెక్కలోనే మృతులు 379. ఈ అంకెలకు విశేషణమేల? వీనికి మనమొక సున్న చేర్చియుండినచో, చర్చయంతయు ఆ సున్నపైకి మరలియుండెడిది. అంకె అబద్ధమని తేలిన పిమ్మట నెత్తురును అబద్ధమనుట ప్రతిపక్షికి ఎంత సులభము!

ఆ 1919లోనే, ప్రజలు తగిన శిక్షణ పొందకమునుపే శాసనోల్లంఘనమునకు పిలుచుట తన పొరపాటనియు, అది హిమాలయమంతటిదనియు మహాత్ముడు ప్రకటించెను. పరుల దోషమును తూచి చెప్పి, తన దోషమును కొండంత చేసి చెప్పుట ఆయన పద్ధతి. మనము దానిని తలక్రిందు చేసితిమి.

కావున మా విలేఖరులకు మా మనవి యొకటి: సభకు వచ్చినవారిని లెక్కించి వ్రాయుడు, లెక్కింప వీలుకానిచో చూచినంతయే వ్రాయుడు. న్యాయము మన పక్షమున నున్నప్పుడు గోరంతను కొండంత చేయ బనిలేదు. కొండను కొండయనిన చాలును.