వ్రాతరాని బిడ్డయు, పరీక్షయు



పరీక్షలు సమీపించినకొలది ప్రతిగృహమునను ఒకటే దండకము. "పొరుగింటి పిల్లవాడు చదువుచున్నాడు, నీకేమి వచ్చినది?" అని. ఈ మాట కొందఱు పిల్లలకు చుఱుకు పుట్టించునేమో కాని, మఱికొందఱికి గుండెలో ములుకై నాటును. వీరు పాఠమును నోట నడిగినచో తడుముకొనక చెప్పుదురు. అదియే కాగితముపై వ్రాయుమన్నచో ఒత్తులు జాఱిపోవును, గుణింతము తాఱుమాఱగును. గడువు తీఱునప్పటికి సగము ప్రశ్నలైనను ముగియవు. ఇట్టి బిడ్డను సోమరియనియు, మందమతియనియు నిందించుట మన యిండ్లలో పరిపాటియైనది.

ఇది సోమరితనము గాదు. 1896వ సంవత్సరముననే ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు, తెలివికి కొదువలేకున్నను చదువుట మాత్రము పట్టువడని పదునాలుగేండ్ల బాలునిగూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. నేడు చదువుటలోని చిక్కును డిస్లెక్సియా యనియు, వ్రాతలోని చిక్కును డిస్‌గ్రాఫియా యనియు, లెక్కలలోని చిక్కును డిస్కాల్క్యులియా యనియు వ్యవహరించుచున్నారు.

మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో నీ చిక్కులకు చోటులేదు. 2016 నాటి చట్టము 21 వైకల్యములను పేర్కొని వానిలో దీనినిగూడ జేర్చినది. అట్టి విద్యార్థులకు పరీక్షలో అదనపు కాలము, చెప్పినది వ్రాయు లేఖకుని సాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు సదుపాయములు కల్పింపవలయునని అందలి 17వ సెక్షను విధించుచున్నది. 2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములలో, నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము గలవారికి గంటకు 20 నిమిషములకు తక్కువగాని యదనపు కాలము చెప్పబడినది. అనగా మూడు గంటల పరీక్షకు మఱియొక గంట. అంత వైకల్యము లేకున్నను వ్రాయుట కష్టమైనవారికి లేఖకుని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అట్టివారికై 2022 ఆగస్టులో వేఱుగ మార్గదర్శకములు వచ్చినవి.

చట్టమున్నంతమాత్రమున చాలదు. 2021లో వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు కూర్చున్న యొక బాలికకు డిస్‌గ్రాఫియా యున్నను, ఆ యదనపు గంట నీయక కాగితములు లాగికొనిరి. అది యన్యాయమని సుప్రీముకోర్టు నవంబరులో చెప్పెను గాని, పరీక్ష మరల పెట్టింపలేదు. కావున ముందుగనే మేల్కొనుట మన విధి.

"ఇతర పిల్లలకిది అన్యాయము గాదా?" యని కొందఱడుగుదురు. కండ్లజోడు పెట్టుకొన్నంతనే పాఠము వచ్చునా? అదనపు గంటయు నట్టిదే. రాని జవాబును తెచ్చిపెట్టదు. వ్యాసభగవానుడు చెప్పుచుండ విఘ్నేశ్వరుడు భారతమును వ్రాసెనని పిల్లలకు కథ చెప్పుదుము గదా! అంతమాత్రమున భారతము విఘ్నేశ్వరునిదని యెవ్వరైన ననిరా? పైగా, అభ్యర్థి తానే తెచ్చుకొను లేఖకుడు తనకంటె ఒకమెట్టు తక్కువ చదివినవాడై యుండవలెనని 2018 నాటి మార్గదర్శకములు విధించెను.

మా యింటివారు ఉపాధ్యాయులగుటచే నొకనాడొక తల్లి వచ్చి, "మాష్టరుగారి చెవిని వేయకుడమ్మా! ఆ ధ్రువపత్రము తెచ్చినచో పిల్లకు పేరుపడును, రేపు సంబంధములు రావు" అని కన్నీరు పెట్టుకొన్నది. "మొద్దు అను పేరు ఇప్పటికే పడియున్నది గదమ్మా! ఆ పేరు మాన్పుటకే గదా యీ కాగితము?" అంటిని. ఆమె మాఱుపలుకక లేచిపోయినది. పదిదినములకు తిరిగివచ్చి, ఆసుపత్రిలో నెవరిని చూడవలెనో అడిగినది.

ఆమెకు చెప్పినదే మీకును చెప్పుచున్నాను. బిడ్డ వ్రాత నోటి చదువునకు చాల వెనుకబడినచో ఆ పుస్తకములతోనే ప్రధానోపాధ్యాయుని కలిసికొనుడు. ప్రభుత్వాసుపత్రి వైద్యమండలి పరీక్షకు కాలము పట్టును గనుక పరీక్షరుసుము కట్టు దినముల దాక ఆగవలదు. బోర్డుబోర్డునకు నియమములు వేఱగుటచే, మీ బోర్డు కోరు పత్రములేవో పాఠశాలలో అడిగి తెలిసికొనుడు. లేఖకుడు దొరకునన్నచో ఇంటివద్దనే చెప్పి వ్రాయించు నలవాటు చేయింపుడు. ఎన్నడును చెప్పి వ్రాయింపని బిడ్డ ఆనాడు తడబడును. పరీక్షకు ముందుగ లేఖకుని కలిసికొను వీలున్నచో దానిని వదలుకొనవలదు.

అన్నిటికంటె ముందు, నేటి రాత్రి బిడ్డను చేరదీసి పాఠమును నోట చెప్పించుకొని వినుడు. వానికి వచ్చినదెంతయో మొదట తల్లికి తెలియవలయును.