పచ్చచుక్క పుట్టుపూర్వోత్తరములు

విద్యుత్కారు నడుపువాని ఫోనుతెరపై, దేశపటము మీద అక్కడక్కడ మెఱయు పచ్చచుక్కలలో నొకదానిని వ్రేలితో నొక్కినంతనే “ఛార్జరు ఖాళీగా నున్నది” అను మాట కనబడును. చూచుట కింతకన్న సులభమైన సంగతి లేదు. కాని యా చుక్క పచ్చగా వెలుగుటకు ఒక సన్నని తీగె మీది వోల్టులు, ఒక సిమ్‌కార్డు, ఎక్కడో దూరదేశమున కుదిరిన సంభాషణా నియమావళి, వీనికి తోడు యాప్‌ను తీర్చిన రూపకర్త నిజాయితీ, ఇన్నియు నొక్కచోట కూడవలసియున్నది. ఈ నాలుగింటిలో కడపటిదే దుర్లభమని నా యభిప్రాయము.

విద్యుద్వాహనము నిన్న మొన్న పుట్టినది కాదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని నిర్మింపగా, 1881లో గుస్తావ్ త్రూవే పారిస్ నగరమున విద్యుత్తుతో మూడుచక్రముల బండిని నడపి చూపెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల అమెరికా నగరములలో ఇట్టి బండ్లు విరివిగా తిరుగుచుండగా, పీటర్ కూపర్ హ్యూయిట్ 1902లో కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయరు ఏకాంతర విద్యుత్తును (ఏసీ) ఏకముఖముగా (డీసీ) మార్చి, గృహస్థు తన యింటనే బండిని ఛార్జి చేసికొనుటకు వీలు కల్పించెను. యంత్రము సొంతగోడకే తగిలియుండినన్నాళ్లు అది ఖాళీగా నున్నదా యని యొరుల నడుగ నక్కఱలేకపోయెను. యంత్రము బాటప్రక్కకు, పరుల స్థలమునకు తరలినపుడు గదా ఆ ప్రశ్న పుట్టినది!

ఆ ప్రశ్నకు మొదటి సమాధానము బండికి తగిలించు ఛార్జరు కొస, అనగా గన్నులోనే యున్నది. విద్యుత్తును మోయు లావుపాటి తీగెల నడుమ కంట్రోల్ పైలట్ అను సంకేతపు తీగె యొకటి కలదు. బండి తగిలియుండని వేళ దానిపై 12 వోల్టులుండును. గన్ను తగిలించినంతనే బండిలోని నిరోధకము వలన నది 9 వోల్టులకు దిగును. విద్యుత్తు పుచ్చుకొనుటకు సిద్ధమైనపుడు బండియే దానిని 6 వోల్టులకు దింపును. అంతియ కాక, గన్ను తగిలిన పిదప ఛార్జరు ఆ తీగెపై సెకనుకు 1000 మారులు హెచ్చి తగ్గు తరంగమును పంపుచు, ప్రతి యావృత్తిలో నది యెంతసేపు హెచ్చుగా నుండునో దానిని బట్టి తానీయగల ప్రవాహమును సూచించును: సగము కాలమైనచో 30 ఆంపియర్లు, నాలుగవవంతైనచో 15. కేవలము 5 శాతమైనచో, ఇక వోల్టుల సైగలు చాలవు, అంకెలతో మాటలాడుద మని యర్థము. సీసీఎస్ అను ఛార్జింగు పద్ధతి ననుసరించు డీసీ ఛార్జరులు త్రొక్కు మార్గ మదియే.

ఛార్జరుకు తెలిసిన దానిని ఫోనుకు తెలుపుట వేఱొక కథ. నెదర్లాండ్సులో విద్యుత్పంపిణీ సంస్థలు కలిసి నెలకొల్పిన ఈలాడ్ అను సంస్థ, దేశమంతట ఛార్జింగు స్తంభములు నాటబూని, వేర్వేరు తయారీదారుల యంత్రములన్నియు నొకే కేంద్రసర్వరుతో మాటలాడవలెనను కోరికతో 2009లో ఓసీపీపీ అను బహిరంగ నియమావళికి నాంది పలికెను. 2015లో వెలువడిన దాని 1.6వ కూర్పు మన దేశపు ఛార్జరులలోను విరివిగా వాడుకలో నున్నది. ఆ కూర్పు ననుసరించి గన్నునకు తొమ్మిది స్థితులు: ఖాళీ, సన్నాహము, ఛార్జింగు, బండి యాపినది, యంత్ర మాపినది, ముగింపు, ముందుగా కేటాయింపబడినది, వాడుకలో లేనిది, చెడినది. ఈ తొమ్మిదింటిని పచ్చ, ఎఱుపు అను రెండు రంగులలోనికి కుదించు రూపకర్త ఏడు సత్యములను మ్రింగుచున్నాడు. ఎఱుపు పచ్చల భేదము నెఱుగలేని కన్నులవారి మాట యతనికి తోచనే తోచదు. చుక్కకు రంగుతో పాటు ఆకార భేదము గూడ కల్పించుట యెంత పని?

పచ్చచుక్క అబద్ధమాడుటకు మార్గములు పెక్కులు. ఛార్జరు తాను బ్రతికియున్నానని తెలుపుటకు నియమితకాలమున కొకసారి హార్ట్‌బీట్ అను చిన్న సందేశమును సర్వరునకు పంపుచుండును. అది పంపిన మఱుక్షణమే సిమ్‌కార్డునకు సిగ్నలు పోయెనేని, తరువాతి సందేశము రాక తప్పిపోవువఱకు సర్వరు పాతమాటనే పలుకుచుండును. అది తప్పిన పిదపను పచ్చరంగునే నిలుపు యాప్‌లు లేకపోలేదు. నా మతమున ప్రతి చుక్క క్రిందను “రెండు నిమిషముల క్రితము” అనియో, “మూడు గంటలుగా వార్త లేదు” అనియో సమాచారపు వయస్సు ముద్రింపవలెను. వార్త లేనిచో చుక్క బూడిదరంగునకు మారవలెను. ఇక ఛార్జరు ముంగిట పెట్రోలుకారు నిలిపి భోజనమునకు పోయిన పెద్దమనిషిని ఏ సంకేతపు తీగెయు కనిపెట్టజాలదు. గన్ను కొక్కెమునకే యున్నది, 12 వోల్టులు చెక్కుచెదరలేదు, చుక్క పచ్చగానే యున్నది. ఇట్టిచోట యంత్రమునకు దిక్కు మనుష్యుడే. ప్లగ్‌షేర్ వంటి యాప్‌లు వాడుకరుల మాటలను, ఛాయాచిత్రములను చేర్చుకొనుట యిందుకే.

“ప్రారంభింపుము” అను మీటలోను ఇట్టి మోసమే పొంచియున్నది. దానిని నొక్కగా సర్వరు ఛార్జరునకు ఆజ్ఞ పంపును. ఛార్జరు “అంగీకృతము” అని బదులిచ్చును. ఆజ్ఞ చేరినదని మాత్రమే దాని యర్థము గాని విద్యుత్తు పాఱుచున్నదని కాదు. అప్పుడే “ఛార్జింగు ప్రారంభమైనది” అని తెరపై వ్రాసినచో, వాడుకరి టీ త్రాగి వచ్చునప్పటికి యూపీఐ ద్వారా సొమ్ము చెల్లియుండును గాని బ్యాటరీ యున్నచోటనే యుండును. మీటరు తొలి యూనిట్లు లెక్కించిన పిదపనే ఆ మాట యనవలెను.

అన్నింటికంటె కఠినమైనది “ఇంకెంతసేపు?” అను ప్రశ్న. 40 యూనిట్ల బ్యాటరీని 10 శాతమునుండి 80 శాతము వఱకు నింపుటకు 28 యూనిట్లు కావలెను; 60 కిలోవాట్ల యంత్రము పూర్తిశక్తితో నిచ్చి, బండియు నంతటిని పుచ్చుకొన్నచో 28 నిమిషములు చాలును. ఆ యంత్రమునకు రెండు గన్నులుండి, బండి తగిలించిన తొలినిమిషముననే రెండవ బండి వచ్చెనేని, వంతు 30 కిలోవాట్లై, కాలము 56 నిమిషములగును. వేసవియెండలో వేడెక్కిన బ్యాటరీ తన్ను తాను కాపాడుకొనుటకు ప్రవాహమును తగ్గించును. 80 శాతము దాటిన పిదప లిథియం బ్యాటరీ స్వభావము చేతనే వేగము మందగించును. పైగా సామాన్యమైన ఏసీ ఛార్జరునకు, ఇంతకు ముందు చెప్పిన వోల్టుల సైగలలో బ్యాటరీ యెంత నిండినదను వార్తయే యుండదు! అట్టిచోట నిమిషములను లెక్కించి చూపు యాప్, వాడుకరి నడిగియో, కారు తయారీదారు సర్వరును వేడియో తెలిసికొనవలెను; లేనిచో ఊరకుండుట మేలు. ఒకే యంకెను చూపుటకంటె “30 నుండి 55 నిమిషములు” అని చెప్పుట మర్యాద.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాటలో సంక్రాంతి రద్దీని ఎఱిగినవారికి ఈ లెక్కల విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. సగముదారిలో సూర్యాపేట ప్రాంతమున ఆగిన నలుగురికి నాలుగు యాప్‌లును ఒకే గన్నును పచ్చగా చూపినచో వచ్చునది కలహమే. ముందుగా గన్నును కేటాయించుకొను సదుపాయము నియమావళిలో నున్నను, రానివాని కొఱకు యంత్రమును ఖాళీగా నిలుపుట వచ్చినవానికి చేయు అన్యాయమే గనుక, ఆ కేటాయింపునకు పదిహేను నిమిషములకు మించిన గడువీయరాదని నా తీర్పు.

ఇక వాడుకరులకొక విన్నపము. ఛార్జరు మొరాయించినపుడు యాప్‌లో “పనిచేయలేదు” అని మాత్రము వ్రాసి విడువక, ఏ గన్ను, ఏ గంట, తెరపై కనబడిన లోపసంఖ్య యేది యను మూడు సంగతులను వ్రాయుడు; మరమ్మతుకు వచ్చువాడు సర్వరులోని వేలకొలది సందేశములలో మీ తగవును వెదకి పట్టుకొనుటకు అవియే ఆధారము.