వార్తల్లో పదం: ఎక్స్‌క్లూజివ్

ఒక వీడియో గేమ్‌ని ఒకే కంపెనీ కన్సోల్‌లో తప్ప మరెక్కడా ఆడే వీలు లేకపోతే అది ‘ఎక్స్‌క్లూజివ్’. పదుల గంటలు సాగే రోల్ ప్లేయింగ్ గేమ్‌ల విషయంలో ఈ మాట తరచూ వినిపిస్తుంది.

మొదట్లో చోటు చాలకపోవడమూ ఓ కారణమే. 1997లో జపాన్ సంస్థ స్క్వేర్ ‘ఫైనల్ ఫాంటసీ 7’ని నింటెండోకి కాక సోనీ ప్లేస్టేషన్‌కి తెచ్చింది. నింటెండో కన్సోల్ ‘నింటెండో 64’ వాడే క్యాట్రిడ్జిలో పట్టేది మహా అయితే 64 మెగాబైట్లు. ప్లేస్టేషన్ వాడే సీడీలో దాదాపు 650. అయినా ఆ గేమ్‌కి మూడు సీడీలు కావాల్సి వచ్చాయి!

ఇప్పుడు అంతా ఒప్పందాలదే. ఏళ్ల తరబడి తయారయ్యే గేమ్‌కి కన్సోల్ కంపెనీ అండగా నిలిచి, కొంతకాలం హక్కు తనకే రాయించుకుంటుంది. అభిమానికిది అన్యాయమే, ఒక్క కథ కోసం ఇంకో యంత్రం కొనాలి, లేదా ఆగాలి. ‘ఫైనల్ ఫాంటసీ 16’ ప్లేస్టేషన్ 5లో 2023 జూన్‌లో వచ్చింది. పోటీ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కి చేరింది 2025 జూన్‌లో.