కోరంగి మడ అడవిలో ఒక గంట

కాకినాడ నుండి యానాం వెళ్ళే రహదారిలో చొల్లంగి ప్రాంతానికి చేరగానే గాలిలో ఉప్పు వాసన మొదలవుతుంది. పుష్య అమావాస్య నాడు, తుల్యభాగ సాగరంలో కలిసే చోట స్నానమాచరించుటకు వేలాదిమంది ఇక్కడికి వస్తారు. మిగిలిన రోజుల్లో ఈ దారిన పోయేవారిలో అధికభాగం ఎడమచేతి వైపునున్న కోరంగి అభయారణ్యాన్ని పొదలుగా భావించి ముందుకు సాగిపోతారు. మేమూ చాలాకాలం అలాగే సాగిపోయాము. ఈ శీతకాలంలో నాలుగు కుటుంబాలవారము కలిసి లోపలికి అడుగుపెట్టాము.

నడక కష్టతరమైనదేమీ కాదు. బురదపై స్తంభాలు పాతి, వాటిపై పరచిన చెక్కబాట అది. మాతో వచ్చిన పెద్దమ్మగారు మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేరు. ఆమె కూడా చేతికర్ర ఊతంతో, మధ్య మధ్య ఆగుతూ, ఏటి ఒడ్డు వరకు రాగలిగారు. అయితే బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు విచారించుకొనుట మంచిది. ఆటు సమయంలో వెళితేనే వేళ్ళు కనబడతాయి. ఈ అడవిలో చూడవలసినది కొమ్మలకన్న వేళ్ళనే.

సాధారణ వృక్షాల వేళ్ళు భూమిలోనికి పోతాయి. మడ చెట్టు వేళ్ళు బురదలో నుండి పైకి, పెన్సిళ్ళు గుచ్చినట్లు, వందలాదిగా నిలబడి ఉంటాయి. ఆ బురదలో ప్రాణవాయువు దాదాపు శూన్యం. అందుచేత చెట్టు గాలిని పైనుండే గ్రహిస్తుంది. ఉప్పుపొన్న పద్ధతి వేరు: కాండం నుండి వంపుగా దిగిన ఊతవేళ్ళపై, గుంజల మీద కట్టిన పాకవలె నిలుస్తుంది. మడ ఆకుపై వేలు రాసి నాలుకకు తాకిస్తే చక్కగా ఉప్పగా ఉంటుంది. లోనికి వచ్చిన లవణంలో కొంత భాగాన్ని చెట్టు ఆకు ద్వారా బయటికి నెట్టివేస్తుంది. ఉప్పునీటి శుద్ధికి మనం వెచ్చించే విద్యుత్తు లెక్కలు తెలిసినవారికి ఇది చిన్న విషయంగా తోచదు. తిల్ల చెట్టు జోలికి మాత్రం పిల్లలను పోనీయకూడదు. దాని పాలు కంటికి తగిలితే ప్రమాదం.

బాట క్రింద, ఒక డెక్క శరీరమంత పెద్దదైన చిన్న పీతలు ఆ డెక్కను ఊపుతూ జతను పిలుస్తున్నాయి. బురదపై గెంతే చేపలను చూచి పిల్లలు చాలాసేపు కదలలేదు. నీటికుక్కలు, నీటిపిల్లులు ఇక్కడ నివసిస్తాయి. రాత్రివేళ చేపలు పట్టే ఆ పిల్లి పగటి సందర్శకులకు దర్శనమిచ్చుట అరుదు, మాకూ ఇవ్వలేదు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రదేశం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 2021 నాటి అటవీ నివేదిక ప్రకారం దేశం మొత్తంలో మడ అడవులు 4,992 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ వాటా 405. దేశ భూభాగంలో మొత్తం మడ అడవులు 0.15 శాతం మాత్రమే. ఒకప్పుడు కోరంగి పేరుగాంచిన ఓడరేవు. ఇక్కడి నుండి ఓడలెక్కి వెళ్ళిన మనవారిని బర్మాలో 'కొరంగీలు' అనేవారు. 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలు ఆ రేవును కోలుకోనీయలేదు.

మమ్ములను ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం చెట్లు కాదు, కాలువల కథ. పూర్వం కలప కోసం వరుసగా చెట్లు నరికిన చోట్ల ఎండకు నేల క్రుంగి, పళ్ళెం ఆకృతి దాల్చింది. పోటుకు చేరిన నీరు ఆటుకు వెనుదిరగలేక అక్కడే ఇగిరి, ఉప్పు పేరుకొని మొక్క మొలవలేదు. 1990వ దశకం ద్వితీయార్ధం నుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి గోదావరి మడ అడవుల్లో దీనికొక ఉపాయం అమలు చేశారు. ఏటి నుండి ఒక ప్రధాన కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుండి చూస్తే చేప వెన్నుముల్లే. నీరు వచ్చి పోవుటతో ఉప్పు తగ్గింది, కాలువల గట్ల వెంబడి నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాయి. పంపులు లేవు, తలుపులు లేవు. వాలు సరిగా ఉంటే చాలు.

ఇది వింటూ మేము తల దించుకొనుటకు కారణం ఉన్నది. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం, మన తీరంలోనే మరొక చోట, ఒక నిర్మాణ స్థలానికి దారి వేయుటకు పాయకు అడ్డంగా మట్టికట్ట పోయించాము. వాననీటి లెక్కకు రెండు సిమెంటు గొట్టాలు చాలునని తేల్చి సంతకం చేసినవారము మేమే. పోటు నీటి లెక్క ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. వలలు సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు మాత్రం, "బాబుగారూ, ఎక్కిన నీరు దిగాలి గదండీ" అన్నాడు. గడువు దగ్గరపడుతున్నందున నవ్వి ఊరుకున్నాము. రెండు వేసవులు గడిచేసరికి కట్టకు లోపలి వైపునున్న మడ చెట్లు బూడిదరంగుకు మారి నిలబడ్డాయి. మూడవ ఏట మరి నాలుగు గొట్టాలు వేయించాము. ఎండినవి చిగిర్చలేదు. నివేదికలో ఆ చెట్లకు స్థానం లేదు. మేము చేర్చనూ లేదు. పెద్దమ్మగారు, "ఆ కుర్రవాడు చెప్పినది మీ పుస్తకాలలో లేదా నాయనా?" అని అడిగారు. సమాధానం చెప్పలేకపోయాము.

పిల్లలలో ఒకడు ఈలోగా మునక్కాడ వంటి పచ్చని కాడ ఒకటి ఏరుకొని జేబులో దోపుకున్నాడు. అది ఉప్పుపొన్న పిల్లమొక్క. తల్లిచెట్టు మీద ఉండగానే విత్తు మొలకెత్తి, పెరిగి, బరువెక్కి రాలుతుంది. మార్గదర్శిగా వచ్చిన యువకుడు, "ఇంటికి తీసుకెళ్ళకూడదు బాబూ, ఇక్కడే వదిలెయ్" అన్నాడు. పోటు అప్పుడే మొదలై, శ్వాసవేళ్ళ చుట్టూ నీరు ఎగబాకుతోంది. అబ్బాయి అయిష్టంగానే కాడను చెక్కల సందులోనుండి జారవిడిచాడు. అది ఒకసారి మునిగి, తేలి, నీటితోపాటు అడవి లోపలి వైపుగా కదిలిపోయింది.