పొలాల్లోని మొబైల్ ఆధారిత పరికరాలకు బలహీన సిగ్నల్ సమస్య: బాహ్య యాంటెన్నా, కేబుల్ ఎంపికలో మెలకువలు

మొబైల్ నెట్‌వర్క్‌పై ఆధారపడి పనిచేసే పరికరాలు నేడు సేద్యంలో భాగమయ్యాయి. బోరు మోటారును ఇంటి నుండే నడిపే మొబైల్ స్టార్టర్లు, నేలలోని తేమను తెలిపే సెన్సార్లు, స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఈ కోవకు చెందినవి. వీటిలో అమర్చిన సిమ్ కార్డుకు తగినంత సిగ్నల్ అందితేనే ఇవి ఉపయోగపడతాయి. మోటారును ఆపమని పంపిన ఆదేశం చేరకపోతే నీరు, విద్యుత్తు వృథా కావడమే గాక, రైతు రాత్రివేళ పొలానికి వెళ్లవలసి వస్తుంది. పాముకాటు, విద్యుదాఘాతం వంటి ప్రమాదాలను తప్పించడానికే కొన్న పరికరం సరిగ్గా అవసరమైన వేళ మౌనం వహించినట్లవుతుంది. బరువు నేలల్లో 60 నుండి 75 మి.మీ. వర్షం పడిన తరువాతే పత్తి విత్తుకోవాలని సిఫారసు చేస్తారు. అటువంటి తరుణంలో వాతావరణ కేంద్రం నుండి రెండు రోజుల వర్షపాత వివరాలు అందకపోతే ఆ ప్రాంతానికి ఇచ్చే సలహాయే గురి తప్పుతుంది.

ఈ లోపాన్ని చాలా సందర్భాలలో బాహ్య యాంటెన్నాతో సరిదిద్దవచ్చు. అయితే యాంటెన్నా సంపాదించిన లాభాన్ని నాసిరకపు పొడవాటి కేబుల్ హరించివేయడం తరచుగా జరుగుతుంది. అందువల్ల యాంటెన్నా, దాని ఎత్తు, కేబుల్ ఈ మూడింటినీ కలిపి లెక్కించిన తరువాతే కొనుగోలుకు పూనుకోవాలి.

సిగ్నల్ బలాన్ని కొలవడం

ఫోను తెరపై కనిపించే గీతలు ప్రామాణికమైన కొలత కావు. సిగ్నల్ బలాన్ని డిబిఎం అనే ప్రమాణంలో కొలుస్తారు. ఈ విలువలు రుణాత్మకంగా ఉంటాయి; సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలమైనదని అర్థం. 4జి నెట్‌వర్క్‌లో –90 డిబిఎం కంటే మెరుగైన సిగ్నల్ సంతృప్తికరం. –100 నుండి –110 మధ్య బలహీనం. –115 కంటే తగ్గితే అనుసంధానం తరచూ తెగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని సిమ్ స్థితి వివరాలలో ఈ విలువను చూడవచ్చు.

అనేక స్టార్టర్లలోను, వాతావరణ కేంద్రాలలోను ఉండే మోడెమ్ సిగ్నల్‌ను 0 నుండి 31 వరకు గల ఒక అంకెగా తెలుపుతుంది. ఈ అంకెను రెట్టింపు చేసి, దాని నుండి 113ను తీసివేస్తే డిబిఎం విలువ వస్తుంది. ఉదాహరణకు 10 వస్తే –93, 5 వస్తే –103 డిబిఎం. 99 వస్తే కొలత లభించలేదని అర్థం.

లాభనష్టాలను డెసిబెల్‌లలో లెక్కిస్తారు. 3 డెసిబెల్‌ల లాభం అంటే శక్తి రెట్టింపు కావడం, 10 డెసిబెల్‌లు అంటే పదింతలు కావడం. నష్టానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది: 3 డెసిబెల్‌ల నష్టంతో శక్తి సగానికి, 10 డెసిబెల్‌ల నష్టంతో పదో వంతుకు పడిపోతుంది.

పొలంలో సిగ్నల్ తగ్గడానికి కారణాలు

టవరు దూరంగా ఉండటం, మధ్యలో గుట్టలు అడ్డురావడం అందరికీ తెలిసిన కారణాలు. అంతగా గుర్తించని కారణాలు మరో రెండు ఉన్నాయి.

మొదటిది స్టార్టర్‌ను ఉంచే ఇనుప పెట్టె. లోహం రేడియో తరంగాలను లోపలికి రానివ్వదు. పెట్టె లోపలే ఉన్న చిన్న యాంటెన్నాకు చేరే సిగ్నల్, పెట్టె బయట ఫోనులో కనిపించే సిగ్నల్ కంటే ఎంతో తక్కువగా ఉంటుంది. ఇటువంటి చోట యాంటెన్నాను ఒక మీటరు కేబుల్‌తో పెట్టె వెలుపలికి తెస్తే చాలు, సమస్య చాలావరకు తీరుతుంది. అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పనినే ముందుగా చేసి చూడాలి.

రెండవది పంట. ఆకుల్లోని నీరు రేడియో తరంగాలను శోషిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ ఈ శోషణ కూడా ఎక్కువవుతుంది. వేసవిలో ఖాళీ పొలంలో చక్కగా పనిచేసిన పరికరం, చెరకు గాని మొక్కజొన్న గాని ఏపుగా పెరిగాక మొరాయించడానికి కారణం ఇదే. మామిడి, ఆయిల్ పామ్ తోటల్లో ఈ ఇబ్బంది ఏడాది పొడవునా ఉంటుంది. కాబట్టి యాంటెన్నా ఎత్తును నాటే నాటి పంటను చూసి గాక, పంట పూర్తిగా ఎదిగాక చేరే ఎత్తును దృష్టిలో ఉంచుకొని నిర్ణయించాలి. పంట పైభాగం కంటే కనీసం ఒకటి రెండు మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉండటం మేలు.

యాంటెన్నా ఎంపిక

మన దేశంలో 2జి సేవలు 900, 1800 మెగాహెర్ట్జ్ పట్టీలలోను, 4జి సేవలు ప్రధానంగా 850, 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్ పట్టీలలోను అందుతున్నాయి. పరికరం ఏ పట్టీని వాడుతున్నదో ఆ పట్టీకి తగిన యాంటెన్నానే తీసుకోవాలి.

సర్వదిశ యాంటెన్నా: కడ్డీ ఆకారంలో ఉండి, చుట్టూ అన్ని దిక్కుల నుండి సిగ్నల్‌ను గ్రహిస్తుంది. లాభం తక్కువ. ఒకటి కంటే ఎక్కువ టవర్లు అందుబాటులో ఉన్నచోట, సిగ్నల్ మధ్యస్థంగా ఉన్నచోట ఇది చాలు.

యాగి యాంటెన్నా: దూరదర్శన్ తొలినాళ్లలో ఇళ్లపై కనిపించిన యాంటెన్నాల కోవకు చెందినది. ఒకే దిక్కు నుండి సిగ్నల్‌ను బలంగా గ్రహిస్తుంది. సాధారణంగా ఒకే పట్టీకి పరిమితం.

లాగ్ పీరియాడిక్ యాంటెన్నా: చూపుకు యాగిని పోలి ఉన్నా, ఒకటి కంటే ఎక్కువ పట్టీలలో పనిచేస్తుంది. నెట్‌వర్క్ ఏ పట్టీని కేటాయిస్తుందో ముందుగా తెలియని 4జి పరికరాలకు ఇది అనువైనది.

4జి రౌటర్లలో తరచుగా రెండు యాంటెన్నా రంధ్రాలు ఉంటాయి. పూర్తి వేగం కావాలంటే రెండింటికీ యాంటెన్నాలు అమర్చాలి. స్టార్టర్లు, సెన్సార్లు పంపే సమాచారం స్వల్పం కనుక వాటికి వేగం కంటే నిలకడ ముఖ్యం.

యాంటెన్నా రెండు వైపులా పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. టవరు నుండి వచ్చే ప్రసారం శక్తిమంతమైనది. పొలంలోని 4జి పరికరం పంపే శక్తి గరిష్ఠంగా సుమారు 0.2 వాట్లు మాత్రమే. సిగ్నల్ కనిపిస్తున్నా సందేశం వెళ్లకపోవడానికి ఇది ఒక కారణం. మంచి యాంటెన్నా గ్రహణాన్నీ ప్రసారాన్నీ సమానంగా మెరుగుపరుస్తుంది. నాసిరకపు కేబుల్ రెంటినీ సమానంగా దెబ్బతీస్తుంది.

కేబుల్‌లో జరిగే నష్టం

రేడియో సంకేతం కేబుల్ గుండా ప్రయాణించే ప్రతి మీటరుకు కొంత క్షీణిస్తుంది. కేబుల్ సన్నదైన కొద్దీ, ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ నష్టం అధికం. 10 మీటర్ల పొడవుకు జరిగే నష్టం సుమారుగా ఇలా ఉంటుంది:

ఆర్‌జి-174: 900 మెగాహెర్ట్జ్ వద్ద 10, 1800 వద్ద 14 డెసిబెల్‌లు.
ఆర్‌జి-58: 900 వద్ద 5, 1800 వద్ద 7 నుండి 8 డెసిబెల్‌లు.
ఎల్‌ఎంఆర్-200: 900 వద్ద 3.3, 1800 వద్ద 4.7 డెసిబెల్‌లు.
ఎల్‌ఎంఆర్-400: 900 వద్ద 1.3, 1800 వద్ద 1.9 డెసిబెల్‌లు.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. పరికరంతో వచ్చిన పొట్టి యాంటెన్నా లాభం 2, కొత్తగా కొన్న యాగి లాభం 11 డెసిబెల్‌లు అనుకుంటే, మార్పు వల్ల కలిగే మేలు 9 డెసిబెల్‌లు, అంటే సుమారు ఎనిమిదింతలు. 1800 మెగాహెర్ట్జ్ వద్ద దీనికి 10 మీటర్ల ఆర్‌జి-58 జోడిస్తే మిగిలేది 1 లేదా 2 డెసిబెల్‌లు మాత్రమే. ఆర్‌జి-174 జోడిస్తే మొదటికంటే 5 డెసిబెల్‌లు తక్కువే అందుతుంది. అదే ఎల్‌ఎంఆర్-400 వాడితే 7 డెసిబెల్‌లకు పైగా నిలుస్తుంది. ఎత్తు పెరగడం వల్ల వచ్చే ప్రయోజనం దీనికి అదనం. యాంటెన్నాపై వెచ్చించే సొమ్ములో కొంత తగ్గించి అయినా మేలైన కేబుల్ కొనడం లాభదాయకమని ఈ లెక్క సూచిస్తుంది.

స్తంభం మరీ ఎత్తైనదైతే మోడెమ్‌నే నీరు చొరని పెట్టెలో యాంటెన్నా పక్కన అమర్చి, విద్యుత్ తీగను, ఆర్‌ఎస్-485 వంటి సమాచార తీగను మాత్రమే కిందికి దించడం మరింత మంచి పద్ధతి. ఆర్‌ఎస్-485 తీగపై సమాచారాన్ని వందల మీటర్ల దూరం వరకు నష్టం లేకుండా పంపవచ్చు.

ఇంట్లో మిగిలిన డిష్ కేబుల్‌ను వాడాలన్న ఆలోచన సహజమే. దాని అవరోధం 75 ఓములు, మొబైల్ పరికరాలది 50 ఓములు. ఈ తేడా వల్ల కలిగే నష్టం స్వల్పమే. కాని కనెక్టర్లు కుదరక తీగలను మెలిపెట్టి వేసే అతుకుల వద్ద నష్టం ఎక్కువగా ఉంటుంది. మొబైల్ మోడెమ్‌లకు ఎక్కువగా ఎస్‌ఎంఏ కనెక్టరు ఉంటుంది. వైఫై పరికరాలలో వాడే ఆర్‌పి-ఎస్‌ఎంఏ కనెక్టరు చూపుకు అలాగే ఉన్నా మధ్య సూది అమరిక వేరు. దానిని బిగిస్తే మర సరిపోయినా లోపల స్పర్శ ఉండదు.

అమర్చే విధానం

1. ఫోనుతో పొలంలో నాలుగైదు చోట్ల, నేలపైన, డాబాపైన లేదా నిచ్చెనపైన సిగ్నల్ విలువలను కొలిచి రాసుకోవాలి. పరికరంలోని సిమ్ ఏ సంస్థదో ఆ సంస్థ సిమ్‌తోనే కొలవాలి.
2. యాంటెన్నాను తాత్కాలికంగా కర్రకు కట్టి, 20 నుండి 30 డిగ్రీల చొప్పున తిప్పుతూ, ప్రతి దిశలో ఒక నిమిషం ఆగి విలువను నమోదు చేయాలి. కంటికి కనిపించే టవరు ఆ సంస్థది కాకపోవచ్చు. అందుచేత కొలతనే నమ్మాలి.
3. ఉత్తమ దిశలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేళల్లో రెండు రోజులు పరీక్షించిన తరువాతే స్థిరంగా బిగించాలి.
4. కనెక్టర్లపై నీరు చొరని రబ్బరు టేపు చుట్టాలి. కేబుల్ పెట్టెలోకి ప్రవేశించే ముందు కిందికి వంపు ఇస్తే వాననీరు లోపలికి జారదు. ఎలుకలు కొరకకుండా నేలకు సమీపంలోని భాగాన్ని పైపులో ఉంచాలి.
5. వాతావరణ కేంద్రంలో యాంటెన్నా స్తంభం నీడ సౌరవికిరణ సెన్సార్‌పై పడరాదు. వర్షమాపకానికి అది తగినంత దూరంలో ఉండాలి.

భద్రత, చట్టం

విద్యుత్ లైన్ల సమీపంలో లోహపు స్తంభాన్ని ఎత్తడం ప్రాణాంతకం. స్తంభం పడిపోయినా తీగలను తాకనంత దూరంలో స్థలాన్ని ఎంచుకోవాలి. పిడుగుల బెడద ఉన్నందున స్తంభానికి సరైన ఎర్తింగు, కేబుల్‌కు మెరుపు నిరోధకం అమర్చాలి. ఉరుములు వినిపించే సమయంలో వీటిని తాకరాదు.

విపణిలో సిగ్నల్ బూస్టర్లు, రిపీటర్ల పేరిట అమ్మే పరికరాలను అనుమతి లేకుండా కలిగి ఉండటం, వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. అవి చుట్టుపక్కల వారి సేవలకు అంతరాయం కలిగిస్తాయి. సిగ్నల్‌ను విస్తరింపజేయని యాంటెన్నా, కేబుల్‌లు ఈ కోవలోకి రావు.

యాంటెన్నాతో తీరని సమస్యలు

గుట్టల నడుమ ఏ ఎత్తులోనూ, ఏ దిశలోనూ సిగ్నల్ లేనిచోట యాంటెన్నా ఏమీ చేయలేదు. సిగ్నల్ బలంగా ఉండి కూడా సాయంత్రం వేళ సమాచారం వెళ్లకపోతే అది నెట్‌వర్క్ రద్దీ వల్ల కలిగే ఇబ్బంది. 2జి మాత్రమే తెలిసిన పరికరంలో, కేవలం 4జి సేవలందించే సంస్థ సిమ్ వేస్తే ఏ యాంటెన్నా పెట్టినా ప్రయోజనం ఉండదు. మొదట సిమ్ మార్చి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

సిగ్నల్ పూర్తిగా లేని పొలాలకు లోరా సాంకేతికత ఒక ప్రత్యామ్నాయం. 865 నుండి 867 మెగాహెర్ట్జ్ పట్టీలో, నిర్దేశిత శక్తి పరిమితికి లోబడి, లైసెన్సు అవసరం లేకుండా ఇది పనిచేస్తుంది. పొలంలోని సెన్సార్లు ఊళ్లో గాని గుట్టపైన గాని సిగ్నల్ ఉన్నచోట నెలకొల్పిన కేంద్రానికి సమాచారాన్ని చేరవేస్తాయి. అక్కడి నుండి మొబైల్ నెట్‌వర్క్ దానిని అందుకుంటుంది.

కొలవడం, సిమ్ మార్చడం, యాంటెన్నాను పెట్టె బయటికి తేవడం, పంటకు పైన నిలపడం, అప్పటికీ చాలకపోతే ఏకదిశ యాంటెన్నాను నాణ్యమైన పొట్టి కేబుల్‌తో అమర్చడం అనే వరుసను పాటిస్తే అనవసర వ్యయం తగ్గుతుంది. పంట పూర్తిగా ఎదిగిన దశలో, జోరువాన కురిసే రాత్రి కూడా ఆదేశం మోటారుకు చేరినప్పుడే ఆ అమరిక సఫలమైనట్లు భావించాలి.